ఒక మాత్ర సెరటోనిన్‌ని అడ్డుకుంటుందట, ఇంకోటి పెంచుతుందట. మా తమ్ముడికి రెండూ రాశారు, ఎందుకు?

లహరి_నెల్లూరు (చెన్నై):

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. ఉద్యోగం వల్ల చెన్నైలో, పెరంబూర్‌లో ఉంటున్నాను, తమ్ముడు నా దగ్గరే ఉంటాడు. పోయిన ఏడాది వాడికి స్కిజోఫ్రీనియా అని చెప్పారు. అప్పట్లో పై ఫ్లాట్ వాళ్లు రాత్రంతా తన గురించే మాట్లాడుకుంటున్నారని, తన ఫోన్ ఎవరో వింటున్నారని, టీవీలో వార్తలు చదివేవాళ్లు తనకేదో సైగ చేస్తున్నారని అనేవాడు. రిస్పెరిడోన్ మొదలుపెట్టాక అవన్నీ చాలా తగ్గాయి, నిద్ర పడుతోంది, ఆ విషయంలో ఇంట్లో అందరికీ ఊరటే. కానీ మనిషి మాత్రం బాగా డల్ అయిపోయాడు. స్నానానికి లేవమంటే ఎన్నిసార్లో చెప్పాలి, క్రికెట్ మ్యాచ్ పెట్టినా చూడడు, స్నేహితులు ఫోన్ చేస్తే తియ్యడు, చెయ్యి కూడా కాస్త వణుకుతోంది.

పోయినసారి చూపించినప్పుడు డాక్టరు గారు ఎస్సిటాలోప్రామ్ కలిపారు. ఓపీలో జనం బాగా ఉన్నారు, నాకు రోజువారీ తమిళం వచ్చు గానీ ఇంత వివరంగా అడిగేంత రాదు, చీటీ తీసుకుని వచ్చేశాం. మందుల షాపులో అబ్బాయి ఇది సెరటోనిన్ పెంచే మాత్ర అన్నాడు. ఇంటికొచ్చి చదివితే డోపమైన్, సెరటోనిన్ అనేవి మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనాలని, రిస్పెరిడోన్ డోపమైన్‌తో పాటు సెరటోనిన్‌ని కూడా అడ్డుకుంటుందని ఉంది. మరి ఒకదాన్ని అడ్డుకుంటూ దాన్నే పెంచడం ఏంటి? రెండూ కలిపి మింగితే లాభమేంటి?

ఇంకో సంగతి. ఈ జబ్బులో డోపమైన్ ఎక్కువవుతుందని ఒకచోట, తక్కువవుతుందని ఇంకోచోట చదివాను. మా బాబాయి ఈ డల్‌గా ఉండడమంతా డోపమైన్ తగ్గిపోవడం వల్లేనని ఆన్‌లైన్‌లో ఒక పొడి తెప్పించాడు, డబ్బా మీద దూలగొండి గింజలు అని ఉంది, ‘సహజంగా డోపమైన్ పెంచుతుంది’ అని రాసుంది. ఇంకా మొదలుపెట్టలేదు. ఇవ్వొచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

మనోవైద్యం_బెంగళూరు:

లహరి గారూ, ముందు ఆ పొడి సంగతి. ఇవ్వకండి. దూలగొండి గింజల్లో ఎల్-డోపా ఉంటుంది, నిజంగానే ఉంటుంది, మోసమేమీ కాదు. డోపమైన్‌ని నేరుగా మింగితే అది రక్తం నుంచి మెదడులోకి దాటలేదు, ఎల్-డోపా మాత్రం దాటి లోపల డోపమైన్‌గా మారుతుంది. పార్కిన్సన్స్ జబ్బుకి ఇచ్చేది అదే. ఆ జబ్బుకి ఎల్-డోపా వాడేవాళ్లలో కొందరికి లేని మనుషులు కనిపించడం, అనుమానాలు మొదలవడం మేం చూస్తూనే ఉంటాం. మీ తమ్ముడికి ఇప్పుడిప్పుడే తగ్గిన మాటలు మళ్లీ రావడానికి అదొక దారి అవుతుంది. బాబాయి గారు ప్రేమతోనే తెచ్చి ఉంటారు, ఆయనకి ఈ కారణం చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఇక డోపమైన్ ఎక్కువా తక్కువా అన్నది. మెదడంతా కలిపి ఒక కొలత వేసినట్టు అడిగితే జవాబు రాదండీ, ఎక్కడ అని అడగాలి. మెదడు మధ్య భాగంలో డోపమైన్ తయారుచేసే కణాలు కొన్ని ఉంటాయి, అక్కడి నుంచి దారులు వేర్వేరు చోట్లకి వెళ్తాయి. ఒక దారి మెదడు లోపలి స్ట్రయాటమ్ అనే చోటుకి వెళ్తుంది. ఏది ముఖ్యం, దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలెయ్యాలి అన్న గుర్తింపులో దానికి పెద్ద పాత్ర ఉంది. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందిలో ఇక్కడ డోపమైన్ తయారీ, విడుదల మామూలు కన్నా ఎక్కువగా ఉంటాయని మెదడు లోపల రసాయనాల పని చూపించే పెట్ స్కాన్‌లతో చేసిన అధ్యయనాల్లో పదే పదే కనిపించింది. ఇంకో దారి నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కి వెళ్తుంది, ఆలోచనకి, పనికి పూనుకోవడానికి అదే ఆధారం. అక్కడ డోపమైన్ పని మందగిస్తుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. కాబట్టి మీరు చదివిన రెండు మాటలూ వేర్వేరు చోట్ల గురించి. మూడో దారి ఒంటి కదలికలకి సంబంధించింది, నాలుగోది ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని అదుపులో ఉంచేది. మాత్ర మింగితే అది ఒక్క దారికే పోదు, అన్నిటి మీదా పడుతుంది, మీ తమ్ముడి చెయ్యి వణకడం బహుశా ఆ మూడో దారి వల్లే.

ఇప్పుడు సెరటోనిన్. దీన్ని తయారుచేసే కణాలు మెదడు కాండంలో, రాఫే అనే చోట ఉంటాయి, వాటి పోగులు దాదాపు మెదడంతా వెళ్తాయి, డోపమైన్ కణాల దగ్గరికీ వెళ్తాయి. అక్కడ సెరటోనిన్ చాలాచోట్ల డోపమైన్‌కి బ్రేకులా పనిచేస్తుంది. అన్నిచోట్లా కాదు, ఎందుకంటే సెరటోనిన్‌ని అందుకునే రిసెప్టర్లు ఒక రకం కాదు, 14 రకాల దాకా ఉన్నాయి, కొన్ని డోపమైన్‌ని తగ్గిస్తాయి, కొన్ని పెంచుతాయి. కదలికల దారిలో 2ఏ అనే రిసెప్టర్ ద్వారా సెరటోనిన్ డోపమైన్ విడుదలని అణిచి ఉంచుతుంది. రిస్పెరిడోన్, ఓలంజపిన్ లాంటి మందులు డోపమైన్ డీ2 రిసెప్టర్‌తో పాటు ఈ 2ఏ ని కూడా అడ్డుకుంటాయి. అప్పుడు అక్కడ అణచివేత సడలి డోపమైన్ కొంచెం ఎక్కువగా విడుదలవుతుంది, డీ2 దగ్గర మందుతో పోటీ పడుతుంది. పాత హాలోపెరిడాల్‌తో ఒళ్లు బిగుసుకుపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం ఎక్కువగా, వీటితో తక్కువగా రావడానికి చెప్పే ప్రధాన కారణం ఇదే. 5హెచ్‌టీ2ఏ అని ఎక్కడైనా చదివితే ఇదే అనుకోండి, 5హెచ్‌టీ అంటే సెరటోనిన్.

మీ అసలు ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఎస్సిటాలోప్రామ్ కణాల మధ్య సెరటోనిన్‌ని ఎక్కువసేపు నిలబడేలా చేస్తుంది. అది మొత్తం 14 రకాలకీ అందుతుంది. రిస్పెరిడోన్ ముఖ్యంగా 2ఏ దగ్గర అడ్డం నిలబడుతుంది. మిగతావాటికి, ముఖ్యంగా 1ఏ లాంటివాటికి, పెరిగిన సెరటోనిన్ చేరుతూనే ఉంటుంది. అందుకే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. డిప్రెషన్ కలిసి ఉంటే ఈ జత మామూలుగా వాడేదే.

అయితే నేనైతే మీ డాక్టరు గారిని ఒకటి అడగమంటాను: ఈ డల్‌నెస్ దేని వల్ల అనుకుంటున్నారు అని. మూడు కారణాలుంటాయి, పైకి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. ఒకటి జబ్బులో భాగంగానే వచ్చే నిరాసక్తత. ఒకటి డిప్రెషన్. మూడోది మందు మోతాదు ఎక్కువవడం. డీ2 రిసెప్టర్లలో సుమారు 65 శాతం దాకా మందు ఆక్రమిస్తే గుణం కనిపిస్తుంది, 80 శాతం దాటితే వణుకు, బిగుసుకోవడం పెరుగుతాయి, ఆ మధ్యలో ఉంచడమే మా పని. చెయ్యి వణుకుతోందన్నారు కాబట్టి ఆ మూడో కారణం కూడా చూడాల్సిందే. కానీ మీ అంతట మీరు తగ్గించకండి, ఒక్క పూట కూడా.

ఫార్మకాలజీ_పాఠాలు (చెన్నై):

పైన డాక్టరు గారు చెప్పింది తప్పని కాదు గానీ, సెరటోనిన్ 2ఏ కథకి మరీ ఎక్కువ బరువు ఇస్తున్నామేమో అని నాకెప్పుడూ అనిపిస్తుంది, పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కూడా ఇదే అంటాను. ఆమిసల్‌ప్రైడ్ అనే మందుని చూడండి, మన దగ్గర బాగానే వాడతారు. దానికి 2ఏ మీద చెప్పుకోదగ్గ పట్టు లేదు, అయినా బాగా పనిచేసే మందుల్లో అదొకటి, వణుకూ మరీ ఎక్కువ కాదు. అటు తిప్పి చూస్తే, ఒక్క 2ఏ ని మాత్రమే అడ్డుకునే మందులు స్కిజోఫ్రీనియాలో ఒంటరిగా నిలబడలేకపోయాయి. పిమావన్సెరిన్ అనే మందుకి 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ అది పార్కిన్సన్స్‌లో వచ్చే భ్రమలకి. అక్కడ డోపమైన్‌ని అడ్డుకుంటే రోగి కదల్లేడు కాబట్టి సెరటోనిన్ వైపు నుంచి రావడం బాగా పనికొచ్చింది. రిస్పెరిడోన్ కూడా రోజుకి 6 మిల్లీగ్రాములు దాటితే 2ఏ ఎంత అడ్డుకున్నా వణుకు, బిగుసుకోవడం ఎక్కువవుతాయి. అంటే ఆ రక్షణకి ఒక హద్దుంది.

క్లోజపిన్ అనే మందు ఉంది చూడండి, అది ఇంకా కొరుకుడుపడని విషయం. డీ2 మీద దాని పట్టు వదులు, పైన చెప్పిన 65 శాతం కూడా చాలామందిలో చేరదు. 2ఏ మీద గట్టి పట్టు. మిగతా మందులు లొంగదీయలేని జబ్బుని కూడా తగ్గిస్తుంది, 1988లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో అది తేలింది. ఆ తర్వాతే కంపెనీలన్నీ డీ2, 2ఏ రెండూ అడ్డుకునే మందుల వెంటపడ్డాయి. అలా వచ్చినవేవీ క్లోజపిన్‌కి సాటి రాలేదు. అంటే దాని బలం ఈ రెండింటి లెక్కతోనే తేలేది కాదన్నమాట.

ఈ సెరటోనిన్ ఆలోచన ఎంత పాతదో కూడా చెప్తాను, నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. 1943లో ఎల్‌ఎస్‌డీ మనసుని ఎలా తారుమారు చేస్తుందో ఆల్బర్ట్ హాఫ్‌మన్‌కి తన ఒంటి మీదే తెలిసింది. 1954లో వూలీ, షా అనే ఇద్దరు ఆ మందుకీ సెరటోనిన్‌కీ ఉన్న పోలిక చూసి మతిభ్రమణానికి సెరటోనిన్‌లో తేడాయే కారణం కావచ్చన్నారు. అంటే డోపమైన్ కన్నా ముందు అనుమానితురాలు సెరటోనినే. ఎల్‌ఎస్‌డీ 2ఏ రిసెప్టర్‌నే లేపుతుందని తర్వాత తెలిసింది. కాకపోతే ఎల్‌ఎస్‌డీతో ఎక్కువగా కళ్లకి ఏవేవో కనిపిస్తాయి, స్కిజోఫ్రీనియాలో ఎక్కువగా చెవులకి వినిపిస్తాయి, అందుకే ఆ పోలిక పూర్తిగా అతకదు.

మన దేశం పాత్ర కూడా ఉంది ఇందులో. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే సర్పగంధ వేరు ఉన్మాదంలో పనిచేస్తుందని రాశారు. 1952లో దాన్నుంచి రిసర్పిన్ విడదీశారు. అది కణాల్లో దాచిపెట్టుకున్న డోపమైన్‌నీ సెరటోనిన్‌నీ రెండింటినీ ఖాళీ చేసేస్తుంది. మరి గుణం దేన్ని ఖాళీ చెయ్యడం వల్ల? 1957లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చి కదలకుండా పడివున్న కుందేళ్లకి ఎల్-డోపా ఇస్తే అవి లేచి తిరిగాయి. 1963లో ఆయనే లిండ్‌క్విస్ట్‌తో కలిసి క్లోర్‌ప్రోమజిన్, హాలోపెరిడాల్ అనే పాత మందులు రిసెప్టర్ల దగ్గర అడ్డం పడుతున్నాయన్న ఆలోచనకి దారి వేశారు. 2000లో కార్ల్‌సన్‌కి నోబెల్ వచ్చింది. లహరి గారూ, బాబాయి గారి డబ్బాలో ఉన్నది ఆ కుందేళ్లని లేపిన పదార్థమే, మీ తమ్ముడి మాత్ర అడ్డుకుంటున్నది దానితో తయారయ్యేదాన్నే.

ఒక మంచి వార్త కూడా: 2024 సెప్టెంబరులో అమెరికాలో జానోమెలిన్, ట్రోస్పియమ్ కలిపిన మందుకి అనుమతి వచ్చింది. అది డీ2 నీ తాకదు, 2ఏ నీ తాకదు, అసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనం దారి నుంచి వచ్చి డోపమైన్ విడుదలని తగ్గిస్తుంది. ఇన్ని దశాబ్దాల తర్వాత కొత్త దారి ఇది.

బాణసవాడి_వాసి (బెంగళూరు):

లహరి అక్కా, నాకూ ఇదే జబ్బు, చాలా ఏళ్లుగా మందుల మీద ఉన్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. రిసెప్టర్ల సంగతి పైన వాళ్లు చెప్పారు, నేను లోపల ఎలా ఉంటుందో చెప్తాను, మీ తమ్ముడిని అర్థం చేసుకోడానికి పనికొస్తుందేమో.

జబ్బు ముదిరినప్పుడు ప్రతిదానికీ ఏదో అర్థం ఉన్నట్టు ఉండేది. బస్సు నంబరు, కరెంటు స్తంభం మీద అంటించిన టూలెట్ కాగితం, పక్క టేబుల్ మీద ఎవరో చెంచా పెట్టిన తీరు, అన్నీ నాకోసమే, అన్నీ ముఖ్యమే. మనసు ఊరుకోదు కదా, వాటన్నిటినీ కలిపి ఒక కథ అల్లుతుంది, ఆ కథనే డాక్టర్లు భ్రమ అంటారు. డోపమైన్ ఎక్కువైతే పనికిరాని విషయాలకి కూడా ప్రాముఖ్యం వచ్చేస్తుందని టొరంటోలో ఉన్నప్పుడు శితిజ్ కపూర్ అనే సైకియాట్రిస్టు 2003లో రాసిన వ్యాసం గురించి మా డాక్టరు చెప్పినప్పుడు, ఎవరో నన్ను దగ్గర్నుంచి చూసి రాసినట్టు అనిపించింది. మందు వేసుకోగానే ఆ కథ అబద్ధమని తెలిసిపోలేదు. దాని పట్టు సడలింది, అంతే. కథ అక్కడే ఉంది, కానీ దాని గురించి ఆలోచించాల్సిన అవసరం లేదనిపించింది. కాకపోతే ఆ పట్టుతో పాటే పాట మీద ఇష్టం, తిండి మీద ఇష్టం కూడా సడలాయి. మీ తమ్ముడు క్రికెట్ చూడడం లేదంటే బద్ధకం అనుకోవద్దక్కా, చూడాలనిపించడం అనేదే లోపలి నుంచి రావడం లేదు వాడికి. ‘నీకు ఎలా ఉంది’ అని వాడినే అడగండి, వాడి ముందే డాక్టరుతో అన్నీ మాట్లాడకుండా వాణ్ణి మాట్లాడనివ్వండి. నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది అదే.

నేను ఇప్పుడు క్లోజపిన్ మీద ఉన్నాను. మొదట్లో వారం వారం రక్త పరీక్ష, తర్వాత నెలకోసారి, తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి తప్పదు. ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను: సిగరెట్ తాగితే ఈ మందు రక్తంలో తగ్గిపోతుంది, మానేస్తే ఒక్కసారిగా పెరుగుతుంది, కాఫీ ఎక్కువ తాగినా పెరుగుతుంది. మన ఇళ్లలో ఫిల్టర్ కాఫీ పూటకో గ్లాసు నడుస్తుంది కదా, డాక్టరుకి ఆ లెక్క చెప్పాలి.

వైట్‌ఫీల్డ్_అమ్మ:

లహరి, మా అబ్బాయికి మొదలై చాలా కాలమైంది, నీ వయసులో నాకు ఇంత చదివే ఓపిక లేదు తల్లీ. రెండు మాటలు చెప్తాను. తర్వాతి సారి వెళ్లే ముందు ప్రశ్నలన్నీ తెలుగులో కాగితం మీద రాసుకో, తమిళం వచ్చిన కొలీగ్ ఎవరినైనా పట్టుకుని పక్కన తమిళంలోనో ఇంగ్లీషులోనో రాయించు, డాక్టరు చేతికి కాగితమే ఇచ్చెయ్. వణుకు ఎప్పుడు ఎక్కువ, నిద్ర ఎంత, బరువు ఎంత పెరిగాడు, ఇవి కూడా రాయి. రెండో అభిప్రాయం కావాలంటే చెన్నైలోనే స్కార్ఫ్ ఉంది, శారదా మీనన్ గారు 1984లో ఈ జబ్బు కోసమే మొదలుపెట్టిన సంస్థ, ఇంటివాళ్లకి కూడా కౌన్సెలింగ్ ఇస్తారు. అర్ధరాత్రి భయమేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 కి చెయ్యి, తెలుగులో మాట్లాడతారు. నీ నిద్ర కూడా చూసుకోమ్మా.

లహరి_నెల్లూరు (చెన్నై):

అందరికీ చాలా థాంక్స్. ఇక్కడ చదివింది తమ్ముడికి కూడా చూపించాను. బాణసవాడి తమ్ముడు రాసింది రెండుసార్లు చదివి ‘అవును, ఇలాగే’ అన్నాడు. చాలా రోజుల తర్వాత తన జబ్బు గురించి వాడంతట వాడు అన్న మాట అది.

ఇంకో రెండు ప్రశ్నలు. మా ఏరియాలో ఒక ల్యాబ్ వాళ్లు రక్తంలో డోపమైన్, సెరటోనిన్ పరీక్ష ప్యాకేజీ ఉందంటున్నారు, చేయిస్తే ఏది ఎక్కువో తెలుస్తుందా? ఎస్సిటాలోప్రామ్ వల్ల ఈ డల్‌నెస్ ఇంకా పెరిగే అవకాశం ఉందా?

మనోవైద్యం_బెంగళూరు:

ఆ పరీక్షకి డబ్బు పెట్టకండి. ఒంట్లో సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది, రక్తంలో ఉండేదాన్ని ప్లేట్‌లెట్లు మోస్తాయి, అది మెదడులోకి దాటదు. డోపమైన్ కూడా అంతే. రక్తంలో అంకె ఎంత వచ్చినా స్ట్రయాటమ్‌లో ఏం జరుగుతోందో, ప్రీఫ్రంటల్‌లో ఏం జరుగుతోందో దాంతో చెప్పలేం. పెట్ స్కాన్ పరిశోధన కోసం చేసేది, ఒక మనిషికి ఏ మందు ఇవ్వాలో తేల్చడానికి ఇప్పటికి వాడం. అదే డబ్బుతో షుగర్, కొలెస్ట్రాల్, ప్రొలాక్టిన్ చేయించండి, రిస్పెరిడోన్ మీద ఉన్నవాళ్లకి అవి నిజంగా అవసరం. ఈసీజీ కూడా ఒకటి తీయించమని అడగండి, ఈ రెండు మందులూ కలిసినప్పుడు గుండె లయ చూసుకోవడం మంచిది.

రెండో ప్రశ్న బాగా అడిగారు. డిప్రెషన్ ఉంటే ఎస్సిటాలోప్రామ్‌తో మనిషి తేలికపడతాడు, దానికి కొన్ని వారాలు పడుతుంది. కానీ సెరటోనిన్ 2సీ అనే ఇంకో రిసెప్టర్ ద్వారా డోపమైన్‌ని అణుస్తుంది కాబట్టి కొందరిలో ఈ రకం మాత్రలతో ఏ ఎమోషనూ లేనట్టు మొద్దుబారడం, వణుకు కాస్త పెరగడం ఉంటాయి. అందుకని మొదలుపెట్టిన తేదీ రాసుకోండి, ఆ తర్వాత వణుకు పెరిగిందా, ముఖంలో కళ తగ్గిందా గమనించండి, పెరిగితే వెంటనే చెప్పండి. ఎప్పుడైనా దీని బదులు ఫ్లూయాక్సెటిన్ గానీ పరాక్సెటిన్ గానీ రాస్తే, రిస్పెరిడోన్ సంగతి ఆ డాక్టరుకి తప్పకుండా గుర్తుచేయండి. ఆ రెండూ లివర్‌లో రిస్పెరిడోన్ కరిగే దారిని మూసేస్తాయి, మోతాదు మార్చకపోయినా రక్తంలో మందు పెరుగుతుంది.